వెల్లుల్లి డాక్టరు

ఆ ఏడు మోంటానాలో మిడతలు గోధుమచేలు తిని ఊరుకోలేదు. తీగ మీద ఆరేసిన ఆర్విడ్ చొక్కాకి కాలరు కూడా మిగల్చలేదు. ఒళ్ళు మండిన ఆర్విడ్, భార్య లవర్న్ పచ్చళ్ళు పెట్టుకునే పెద్ద గిన్నె ఎత్తుకుపోయి, వెల్లుల్లి, మిరప్పొడి, మిగిలిపోయిన కాఫీ కలిపి కాచి, చేనంతా చల్లాడు. ఆ మర్నాడే ముసురు పట్టింది. వాన వెలిసి చూస్తే మిడతలన్నీ గోధుమ వెన్నుల కొసకెక్కి, కాళ్ళతో కరుచుకుని, తలలు పైకెత్తి చచ్చి ఉన్నాయి.

కాఫీ హోటల్లో ఏనాడూ ఆర్విడ్ మాట ఎవరూ చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఇప్పుడు అడుగు పెట్టగానే ఎల్మర్ లేచి, "డాక్టరుగారొచ్చారు, జరగండ్రా!" అని తన కుర్చీ ఇచ్చేశాడు. ఆర్విడ్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఈలోగా వ్యవసాయ శాఖావిడ వచ్చి, చచ్చిన మిడతను గిల్లి చూసింది.

"ఇది బూజు తెగులండీ. లోపల్నుంచి తినేస్తుంది. చచ్చే ముందు మిడత ఇలా కొసకెక్కుతుంది. వానలకి పుట్టింది."

"మరి నా మందో?"

"రోడ్డవతల చల్లారా?"

"లేదు."

"అక్కడా ఇలాగే చచ్చాయి."

ఆర్విడ్ మొహం వాడిపోయింది. రెండు రోజులు హోటలు వైపే వెళ్ళలేదు.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది లవర్న్, గిన్నె తోముతూ.

వెళ్ళాడు. టోపీ తీసి, గొంతు సవరించుకుని చెప్పాడు. "నా మందు గొప్ప కాదర్రా. అదంతా బూజు."

రోడ్డవతల పొలం ఇంగాది. ఆవిడ కప్పు ఠక్కున కింద పెట్టింది.

"చూశారా తెలివి! రహస్యం చెప్పడం ఇష్టం లేక బూజు మీదకి నెడుతున్నాడు."

"ఒట్టు, ఇంగా! నీ పొలంలో నేను చల్లానా? అక్కడా చచ్చాయిగా!"

"గాలికి వచ్చి పడుంటుంది. అంత పవరున్న మందు! ఆ ఆఫీసావిడ వచ్చి వెళ్ళాక మాట మార్చావు. ఆవిడకి అమ్మేశావా ఏమిటి?"

"మాకు చెబితే నీ సొమ్మేం పోయిందోయ్?" అన్నాడు ఎల్మర్, బాగా నొచ్చుకుని.

ఇంక తట్టుకోలేక, వెల్లుల్లి ఎన్ని పాయలో, కాఫీ ఎన్ని కప్పులో అరిచి మరీ చెప్పాడు ఆర్విడ్. సాయంత్రానికి ఊళ్ళో కొట్లో వెల్లుల్లి రెబ్బ కూడా దొరకలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు కిటికీలన్నీ తెరిపించి ప్రసంగం మొదలుపెట్టారు. లోపలికొచ్చిన ప్రతివాడూ ఘాటుగా గుబాళిస్తూ, ఆర్విడ్‌కి తల వంచి నమస్కరించి కూర్చుంటున్నాడు.

"నవ్వకు," అంది లవర్న్, పాటల పుస్తకం ముక్కుకి అడ్డం పెట్టుకుని. "నిన్ను చూస్తే నాకూ ఆగట్లేదు."