ఇచ్చిన కొమ్మలు

పదకొండు గంటలకే ఎండ మాడ్చేస్తోంది. కోసిన బ్లూబెర్రీ ట్రేలన్నీ కోల్డ్ స్టోరేజి గుమ్మం ముందు పేర్చి ఉన్నాయి. గుమ్మానికి తాళం. ఇరవై ముగ్గురు రైతుల పంట పొద్దుటి నుంచీ అలా బయటే పడి ఉంది. ఆ పండు మహా సుకుమారం, ఎండలో ఒక్క పూట ఉంటే మెత్తబడి దేనికీ పనికిరాదు. ఆ సంగతి తాళం వేసిన కంపెనీకి అందరికంటే బాగా తెలుసు.

ఊరంతా అక్కయ్య అని పిలిచే ఆవిడ మాత్రం ఇంకా తోటలోనే ఉంది. కూలికి వచ్చిన ఏడుగురు ఆడవాళ్లతో పాటు తనూ కోస్తోంది. పండు మీద పొరలా ఉండే తెల్లని బూడిద చెరిగిపోకుండా బొటనవేలితో దొర్లించి తీయాలి. బూడిద పోతే కంపెనీ తీసుకోదు. కోసేవాళ్లు ఒక్క పండు నోట్లో వేసుకున్నా కూలి కోత. పట్నంలో చిన్న డబ్బా పండ్ల ఖరీదు వాళ్ల అరపూట కూలి. ఆ కూలి ఇచ్చేది అక్కయ్యే. అంతకంటే ఇవ్వలేకపోతున్నందుకు ఆమెకు సిగ్గుగానే ఉండేది, కానీ సిగ్గుతో ఎవరి కడుపూ నిండదు.

రైతుల సంఘం అధ్యక్షుడు గట్టు దాటి వచ్చాడు. ఆమెకు స్వయానా అన్న. వెనకాల కంపెనీ మనిషి. ముప్పై దాటని వాడు, మాట తేనె.

"తాళం ఎందుకేశారో తెలిసింది చెల్లీ. మీ ఆడపడుచు పెరట్లో నలభై మొక్కలున్నాయి, మన రకమే. ఆకు కోసుకుపోయి పరీక్ష కూడా చేయించారు" అన్నాడు అన్న.

అక్కయ్య చెయ్యి ఆగిపోయింది. ఆడపడుచు ఎక్కడో లేదు. ఆ ఏడుగురిలో ఒకత్తె, పక్క సాలులోనే కోస్తోంది.

ఆరేళ్ల కిందట సంఘమూ కంపెనీ చేతులు కలిపినప్పుడు దానికి సహకారం అని పేరు పెట్టారు. మొక్క కంపెనీది, నేల రైతుది. కష్టం రైతుది, పండు కంపెనీది. కత్తిరించిన కొమ్మలు ఆ రోజే తగలబెట్టాలి. ఒక్క కొమ్మ బయట వేరు పట్టినా మొత్తం సంఘం పంటను కంపెనీ కొనదు. ఇక కంపెనీకి కాపలావాడితో పనేముంది, అన్న మీద చెల్లెలు, చెల్లెలి మీద అన్నా కాపలా. ఆ షరతు అందరూ చదివే సంతకం పెట్టారు. కొమ్మే కదా అనుకున్నారు.

మొక్కలు కత్తిరించిన రోజున గుమ్మంలోకి వచ్చినవాళ్ల చేతిలో నాటుకోమని ఒక కట్ట కొమ్మలు పెట్టి పంపడం ఆ చుట్టుపక్కల తాతలనాటి అలవాటు. వద్దంటే తప్పుగా అనుకునేవాళ్లు. మూడేళ్ల కిందట ఆడపడుచు వచ్చింది. ఆమె మొగుడు మంచాన పడి అప్పటికి నెలరోజులు. ఆమెను ఉత్త చేతులతో పంపి, కొమ్మలకు నిప్పు పెట్టడానికి అక్కయ్యకు మనసొప్పలేదు. ఆ నలభై మొక్కలకూ ఈ ఏడే తొలికాపు.

"ఒక్క సంతకం పెట్టు, తాళం తీస్తారు" అని అన్న కాగితం చాపాడు.

నా తోటలోంచి కొమ్మలు దొంగిలించారు అని ఉంది అందులో. కింద, దొంగ ఎవరన్న చోట, ఆడపడుచు పేరు.

"తర్వాత?"

"ఆవిడ మొక్కలు పీకేస్తాం. సంఘం తోటల్లో పనికి పిలవం. అంతే."

"అంతేనా!" అంది అక్కయ్య. "నేనే ఇచ్చానన్నయ్యా. ఇచ్చానని రాయి, పెడతాను."

కంపెనీ మనిషి నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "ఇచ్చారని రాస్తే మీరు ఒప్పందం తప్పినట్టు అక్కయ్యా. అప్పుడు మీ తోట కూడా పీకాలి. ఇది మేం పెట్టింది కాదు, మీ సంఘం ఒప్పుకున్నదే."

ఆడపడుచు సాలు దాటి వచ్చింది. అన్నీ విన్నదని మొహమే చెబుతోంది.

"పెట్టెయ్ వదినా. నాది పోతే ఒక్క ఇల్లే. నీది కూడా పోతే రెండిళ్లూ పోతాయి. దొంగ అంటే ఒళ్లేమన్నా చిల్లు పడుతుందా?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"చూశావా, ఆవిడే చెబుతోంది. ఇంతమంది నోట్లో మట్టి కొట్టకే" అన్నాడు అన్న. గుమ్మం ముందు ఆయన ట్రేలు కూడా ఉన్నాయి మరి.

నిజం చెప్పాలంటే అక్కయ్య పెట్టబోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కలం తీసుకుని, కాగితం మోకాలి మీద పరుచుకుంది. ఆడపడుచుకి ఆ కలం వంక చూడబుద్ధి కాలేదేమో, అటు తిరిగి మళ్లీ కోతలో పడింది. మరుక్షణంలో దొంగ కాబోతున్న మనిషి, బూడిద చెరగకుండా ఒక్కొక్క పండే తీసి అక్కయ్య ట్రేలో వేస్తోంది.

అక్కయ్య కాగితం అన్న చేతిలో పెట్టేసింది.

"పెట్టను. దొంగతనం కాదు. నేనిచ్చాను."

"తోట పోతుందే!"

"పోనీ. పెట్టను."

అన్న కాగితం మడిచి, తలొంచుకుని వెళ్లిపోయాడు. కంపెనీ మనిషి ఫోన్‌లో ఎవరికో చెబుతూ ఆయన వెనకే నడిచాడు. రెండు తోటలూ రేపే పీకిస్తారట, తప్పు తనదేనని ఆమే ఒప్పుకుంది కాబట్టి మిగతా ఇరవై ఇద్దరి పండూ ఇప్పుడే ఎత్తుతారట. ఆమె కాదన్నా ఆడపడుచుకి ఒక్క మొక్క కూడా మిగల్లేదు. తాళం తీసిన చప్పుడు తోట దాకా వినిపించింది.

ఆడవాళ్లు కోత ఆపి నిలబడ్డారు. రేపటి నుంచి వాళ్లకీ పని లేదు.

అక్కయ్య నిండు ట్రే ఎత్తి వాళ్ల ముందుకు తెచ్చింది. "తీసుకోండే. ఇంటికి పట్టుకెళ్లి పిల్లలకి పెట్టండి. ఇంకెవరు కొంటారు వీటిని?"

ఎవరూ కదల్లేదు. ఒకత్తె చీర కొంగుకి చేతులు తుడుచుకుని వెనక్కి జరిగింది. ఇంకొకత్తె గట్టు వైపు, ఇంకా కనబడుతున్న కంపెనీ మనిషి వీపు వైపు చూసింది.

"నేనిస్తున్నానే" అంది అక్కయ్య.

ఇచ్చింది తీసుకుంటే ఏమవుతుందో ఇప్పుడే కళ్లారా చూశారు వాళ్లు. ఆడపడుచు కూడా చెయ్యి చాపలేదు.