ఇంగువ డబ్బాలో కాసు

నేను ఒక బంగారు కాసును. నన్ను చూస్తే జనం కళ్లకద్దుకుంటారు, అనుమానం వస్తే పళ్లతో కొరికి కూడా చూస్తారు. నిజానికి నేను ఒంటినిండా బంగారాన్ని కాను. పదకొండు పాళ్లు బంగారమైతే ఒక పాలు రాగి. ఉత్త బంగారం మరీ మెత్తన, నాలుగు చేతులు మారేసరికి బొమ్మ చెరిగిపోతుంది. అందుకని టంకశాలలో కరిగించేటప్పుడే రాగి కలిపి, అచ్చు కింద పెట్టి ఒక్క దెబ్బ వేశారు. ఈ రాగి సంగతి మనుషులకు నన్ను కొనేటప్పుడు బాగానే గుర్తుంటుంది. బేరం ముగిసి ఇంటికి తెచ్చుకున్నాక మరిచిపోతారు.

మొదట ఒక పొగాకు వ్యాపారి నన్ను మొలలో దోపుకుని తిరిగాడు. ఆయన చెమటకు నా అంచులు ఎర్రబడ్డాయి. పాతబడే కొద్దీ బంగారానికి రంగు వస్తుందని ఆయన ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. వచ్చింది రాగికి పట్టిన మకిలి. ఆయన కొడుకు నన్ను అమ్మేస్తే, పాలకొల్లులో పచారీ కొట్టు నడిపే ఇంటికి చేరాను. ఆ ఇంటి అత్తగారు పోయే ముందు నన్ను పెద్దకోడలు భ్రమరాంబ చేతిలో పెట్టింది. చిన్నకోడలు తాయారుకు వెండి కుంకుమభరిణె దక్కింది. దాని మీద పేచీ ఏమీ రాలేదు. అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టినా, తోడికోడళ్లు పొద్దున లేస్తే ఒకరి వంటింట్లో ఒకరు ఉండేవారు.

వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర బంగారం పెట్టాలి కదా. భ్రమరాంబ శ్రావణంలో రెండో శుక్రవారం వ్రతం చేసుకునేది, తాయారు మూడో శుక్రవారం. ఏటా రెండిళ్లలోనూ పూజలందుకునేదాన్ని నేనే.

ఒక ఏడు తాయారు నన్ను తిరిగిచ్చిన వారంలోనే ఆ వీధిలో దొంగలు పడ్డారు. నన్నెక్కడ దాచాలా అని భ్రమరాంబ ఇల్లంతా వెతికింది. బీరువాలో పెడితే దొంగ ముందు అక్కడే చూస్తాడు. బియ్యం డబ్బా ఊరందరికీ తెలిసిన చోటే. ఆలోచించి ఆలోచించి, కొట్లోంచి వచ్చిన రేకు డబ్బాలో ముద్ద ఇంగువ మీద నన్ను పెట్టి, మూత బిగించి అటకెక్కించింది. ఆ ఘాటుకు దొంగ కాదు కదా, చీమ కూడా దగ్గరికి రాదని ఆమె ధీమా. దొంగ రాని మాట నిజమే. కానీ ఇంగువ ఘాటులో గంధకం ఉంటుంది. బంగారాన్ని అది ఏమీ చేయలేదు, రాగిని మాత్రం వదిలిపెట్టదు. వానాకాలపు చెమ్మ కూడా తోడయ్యేసరికి నా ఒంటి మీద గోధుమరంగు మచ్చలు లేచి, నెమ్మదిగా నల్లబడ్డాయి.

మరుసటి వ్రతం నాడు పేరంటాళ్లంతా వచ్చి కూర్చున్నాక భ్రమరాంబ నన్ను బయటికి తీసింది. చూస్తే నా ఒళ్లంతా నల్లమచ్చలు. అందరి మధ్యకూ వచ్చి తాయారు ముందు అరచెయ్యి చాపింది.

“ఏవే, నేను నీకిచ్చిన కాసు ఇదేనా?”

“అదేనక్కా. నువ్విచ్చిందే మళ్లీ నీ చేతిలో పెట్టాను.”

“బంగారం నల్లబడుద్దంటే నమ్మడానికి నేనేవన్నా పిచ్చిదాన్నా? అసలుది ఏం చేశావే?”

“పిల్లల మీద ఒట్టక్కా, నాకేం తెలీదు. కంసాలి దగ్గర గీటురాయి మీద గీయించు, తేలిపోద్ది.”

“ఇంటి పరువు తీసుకెళ్లి కంసాలి కొట్లో పెట్టమంటావా?”

పరువు కంసాలి కొట్టుకు చేరలేదు గాని, పదిమంది పేరంటాళ్ల నోటికి చేరింది. ఇంగువ డబ్బా సంగతి భ్రమరాంబ ఎవరికీ చెప్పలేదు, చెబితే దాచిన చోటు బయటపడుతుందని. అసలు కారణం ఆ గుట్టులోనే ఉండిపోయింది. తాయారును పేరంటాలకు పిలవడం మానేశారు. ఆమె ఎవరింటికైనా వెళితే, ఆ ఇల్లాలు మాట్లాడుతూనే గూట్లోని గాజులు తీసి లోపల పెట్టేదట. అటక మీది నుంచి ఇవన్నీ విన్నాను. నాకు నోరుంటే బాగుండునని అనిపించింది ఆ ఏడాదే.

నన్ను మళ్లీ అదే డబ్బాలో పెట్టారు. ఈసారి తోడుగా భ్రమరాంబ బుట్టకమ్మలు కూడా వచ్చాయి. ఇక ఎవరినీ నమ్మకూడదని ఆమె గట్టిగా అనుకుంది. ఇంగువను మాత్రం నమ్మింది.

మళ్లీ శ్రావణం వచ్చింది. వ్రతం రెండు రోజులుందనగా భ్రమరాంబ డబ్బా దింపింది. కమ్మలు కూడా నల్లబడి ఉన్నాయి. అవి ఆమె పుట్టింటివి. ఎవరికీ అరువిచ్చినవి కావు, ఆమె చేతులు తప్ప వేరే చెయ్యి పడ్డవి కావు. నన్ను వాసన చూసింది, కమ్మలను చూసింది, డబ్బాను చూసింది.

“నా నోరు పడిపోను,” అంటూ పీట మీద కూలబడింది.

కాసేపటికి లేచి చింతపండు నానబెట్టింది. నాకు భయం వేసింది. చింతపండుతో తోమితే ఈ మచ్చలు ఇట్టే పోతాయి. ఆ తర్వాత ఆమె చెబితే తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. గిన్నెలో చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి చెయ్యి తుడుచుకుని, నన్ను మచ్చలతోనే కొంగున ముడివేసుకుని తాయారింటికి నడిచింది.

తాయారు అన్నీ విన్నది. ఏడవలేదు, తిట్టలేదు.

“నాకెందుకు చెప్తున్నావక్కా? నేను తియ్యలేదని నాకు తెలుసుగా. తెలియనోళ్లకి చెప్పు.”

భ్రమరాంబ చెప్పింది. వ్రతం నాడు పేరంటాళ్ల ముందు నిలబడి, నన్నూ కమ్మలనూ పళ్లెంలో పెట్టి, ఇంగువ డబ్బా పక్కన పెట్టి, తప్పు తనదేనని ఏడుస్తూ చెప్పింది. కొందరు ముఖాలు దించుకున్నారు. ఒకావిడ మాత్రం మచ్చలు పోవాలంటే దేనితో తోమాలని అడిగింది.

ఆ సాయంత్రమే నన్ను చింతపండుతో తోమారు. టంకశాల నుంచి వచ్చిన రోజున ఎలా ఉన్నానో అలా మెరిశాను. మూడో శుక్రవారం భ్రమరాంబ నన్ను తమలపాకులో పెట్టుకుని తాయారింటికి వెళ్లింది. అక్కడ కలశం దగ్గర బంగారానికి బదులు అప్పటికే పసుపుకొమ్ము పెట్టి ఉంది.

“ఇదిగోనే, కలశం దగ్గర పెట్టుకో. ఇకనుంచి నీ దగ్గరే ఉండనీ.”

తాయారు నన్ను తేరిపార చూసింది.

“వద్దక్కా. మళ్లీ రంగు మారితే?”

తాయారు భ్రమరాంబను చాప మీద కూర్చోబెట్టి, పాదాలకు పసుపు రాసింది, బొట్టు పెట్టింది, శనగలూ తాంబూలమూ వాయనమిచ్చింది. తమలపాకులో ఉన్న నన్ను మాత్రం ముట్టుకోలేదు.