కండువా కింద ఎత్తులు

గురవయ్యకు చదరంగం రాదు. ఈ సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు: ఆయనకి, ఆయన భార్య రాజేశ్వరికి, కూతురు అనూషకి. మిగతా జనమంతా ఆయన్ని చదరంగ గురువనే అనుకుంటారు. గుంటూరు మిర్చియార్డులో దలాలీ చేసుకునే మనిషికి ఇంత పేరు ఎలా వచ్చిందయ్యా అంటే, సమయానికి మైకు దగ్గరగా నిలబడటం వల్ల వచ్చింది.

అనూష చిన్నప్పుడు జిల్లా పోటీలో గెలిస్తే, కేబుల్ టీవీ కుర్రాడు మైకు పట్టుకొచ్చి "పాపకి ఆట నేర్పిందెవరండీ?" అని అడిగాడు. నేర్పింది రాజేశ్వరి. పెళ్లికి ముందు యూనివర్సిటీ జట్టులో ఆడిన మనిషి. వంటింటి గట్టు మీద బోర్డు పరిచి, పప్పు ఉడికే లోపల పిల్లకి ఒక్కో ఎత్తూ చూపించింది. కానీ ఆ క్షణంలో ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తోంది, మైకేమో గురవయ్య మూతి ముందుంది. "నేనేనండి" అనేశాడు. వేళాకోళమనుకుని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కూడా టీవీలో వచ్చింది, మొగుణ్ణి చూసి మురిసిపోతున్న ఇల్లాలి నవ్వులాగా.

ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకుంటే బాగుండదని గురవయ్య పెద్దమనసుతో ఆలోచించాడు. శాలువాలు వచ్చాయి. ఏదో క్లబ్బువాళ్లు సభ పెట్టి 'చదరంగ భీష్మ' అని బిరుదిచ్చారు. భీష్ముడికి పిల్లలు లేరన్న సంగతి సభలో ఎవరికీ గుర్తు రాలేదు. ఆ సభలోనే ఆయన మరో మెట్టెక్కి, "మా పాప వేసే ప్రతి ఎత్తూ ముందు నా బుర్రలో పుట్టిందేనండి" అన్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

గురవయ్యకి ఒక అలవాటుంది. పాతరోజుల్లో బేరమంటే కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన కండువా కప్పి, లోపల వేళ్లు నొక్కుతూ ధర మాట్లాడుకునేవాళ్లు. పక్కనున్నవాడికి ఒక్క ముక్క తెలిసేది కాదు. ఇప్పుడు ధరలన్నీ కంప్యూటర్లోకి పోయాయి గానీ, గురవయ్య వేళ్లకి ఆ కబురు ఎవరూ చెప్పలేదు. మనసు కంగారుపడితే చాలు, ఎడంచేతి మీద కండువా పడుతుంది, కుడిచెయ్యి దాని కిందకి దూరుతుంది, బేరం మొదలవుతుంది. అవతలి మనిషి ఉండాల్సిన అవసరం కూడా లేదు.

ఆ ఏడు మిరప కోతలప్పుడు చీరాల కల్యాణమండపంలో పెద్ద టోర్నమెంటు పెట్టారు. అనూష ఇందులో బాగా ఆడితే మాస్టర్ బిరుదుకి దారి పడుతుంది. ఆఖరి రౌండు మిగిలుండగా అందరికంటే ముందుంది. రాజేశ్వరి గుంటూరులో ఇంటి దగ్గరుంది. గురవయ్య రోజూ తాడుకి ఇవతల, ప్రేక్షకుల మొదటి వరసలో, కాలు మీద కాలేసుకుని గురువులా కూర్చున్నాడు.

అనూష చేతిలో ఓడినవాళ్లలో కార్తిక్ అనే కుర్రాడొకడు. వాడు లేచి చెయ్యి కలిపి, "బాగా ఆడావక్కా" అని వెళ్లిపోయాడు. కానీ వాళ్ల తాతగారు లక్ష్మీనరసింహం మాస్టారు అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. రిటైరైన లెక్కల లెక్చరరు. మనవడు ఓడాడంటే లెక్కలో ఎక్కడో తప్పుండాలి, ఆ తప్పు మనవడిది కాకూడదు. టోర్నమెంటువాళ్లు రోజూ యూట్యూబులో లైవ్‌గా చూపించే ఆటల వీడియో ముందేసుకుని వెతికాడు. అనూషకి ఎదురుగా, దూరంగా, గురవయ్య ఒళ్లో కండువా కదులుతోంది.

సాయంత్రానికల్లా మాస్టారి వీడియో ఊరంతా తిరిగింది. కండువా చుట్టూ ఎర్ర గీత, దెయ్యాల సినిమాకి సరిపోయే సంగీతం. నాలుగు వేళ్లు కదిలితే నాలుగో వరసట, బొటనవేలు కదిలితే గుర్రమట. అనూషని అప్పటికే జడ క్లిప్పుతో సహా తనిఖీ చేశారు, ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదంటే ఎంత పకడ్బందీగా చేశారో చూడండని మాస్టారు అందులో వాపోయాడు.

మిర్చియార్డు నుంచి మాత్రం అభినందనలు వచ్చాయి. "ఒరేయ్ గురవయ్యా, మన వేళ్ల బేరాన్ని ఎక్కడికి తీసుకుపోయావురా" అని ఒకడు. "కంప్యూటర్లు వచ్చినా మన పద్ధతికి తిరుగులేదని చూపించావు" అని ఇంకొకడు. తప్పు చేశాడన్న అనుమానం ఒక్కడికీ లేదు, ఎందుకంటే తప్పు చేశాడని అందరూ నమ్మారు, నమ్మి సంతోషించారు.

మర్నాడు పొద్దున, ఆఖరి రౌండుకి ముందు, చీఫ్ ఆర్బిటర్ గౌస్ బాషా మాస్టారినీ, తండ్రీకూతుళ్లనీ పెళ్లికూతురి గదిలో కూర్చోబెట్టాడు. మండపంలో ఖాళీగా ఉన్నది అదొక్కటే. గోడ నిండా అద్దాలుండటంతో ఎటు తిరిగినా గురవయ్యకి తన మొహమే కనబడుతోంది.

"మాస్టారిచ్చిన ఫిర్యాదు నిజమైతే అమ్మాయి పాయింట్లు పోతాయి, కొన్నేళ్లు నిషేధం పడుతుంది" అన్నాడు గౌస్ బాషా. నెమ్మదైన మనిషి. "ప్రేక్షకుల ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసుకున్నాం కాబట్టి, ఎత్తులు బయటినుంచి వచ్చే వీల్లేదు. గురవయ్యగారు చెప్పుండాలంటే ఆయన బుర్రలోంచే రావాలి. ముందు ఆ వేళ్ల సంగతేంటో చెప్పండి."

గురవయ్య గొంతు సవరించుకున్నాడు. "కోటప్పకొండ స్వామితో బేరమండి."

"ఏం బేరం?"

"పాప గెలిస్తే కొబ్బరికాయలు కొడతానని. నేను రెండు దగ్గర మొదలుపెట్టానండి. ఆయన ఒప్పుకోలా. ఆట బిగిసేకొద్దీ పెంచుకుంటా పోయాను."

"దేవుడి వేళ్లు కూడా మీరే నొక్కుతున్నారా?" అన్నాడు మాస్టారు.

"ఆయన రాలేడు కదండీ."

గౌస్ బాషా నవ్వు ఆపుకుని, బల్ల మీద బోర్డు పెట్టి పావులు సర్దాడు. "ఇందులో తెల్లవాళ్లకి గెలిచే దారి ఉంది. మీకేం తోస్తుందో వెయ్యండి."

ఇక్కడ 'నాకు రాదండి' అని లేచిపోతే అయిపోయేది. కానీ గదిలో ఇద్దరు విలేకర్లున్నారు. గురవయ్య గడ్డం నిమురుకున్నాడు, కళ్లు సగం మూశాడు, "పొజిషన్ కాస్త చిక్కుగానే ఉంది" అన్నాడు. అన్నాక ఏదో ఒకటి కదపాలి కాబట్టి, ఏనుగుని పట్టుకుని ఐమూలగా జరిపాడు.

అనూష కళ్లు మూసుకుంది.

"చూశారా నటన" అన్నాడు మాస్టారు. "ఏనుగు ఐమూలగా పోదని ఎల్‌కేజీ పిల్లాడికి తెలుసు. ఇంత తప్పుగా ఆడాలంటే ఆట క్షుణ్ణంగా తెలిసుండాలి." అంతటితో ఆగకుండా ఒక విలేకరి ఫోన్ అడిగి తీసుకుని చదరంగ భీష్మ సభ వీడియో పెట్టాడు. ప్రతి ఎత్తూ నా బుర్రలో పుట్టిందేనండి అని శాలువా కప్పుకున్న గురవయ్య ఫోన్లోంచి చెప్పాడు. చప్పట్లు కూడా వినబడ్డాయి. అద్దాల్లో ఉన్న గురవయ్యలందరూ ఒకేసారి తల దించుకున్నారు.

గౌస్ బాషా టీకి విరామమిచ్చాడు. వరండాలో అనూష తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది.

"చెప్పెయ్ నాన్నా."

"ఏం చెప్పను?"

"రాదని."

"ఇన్నాళ్ల పరువు తల్లీ. యార్డులో ఎట్టా తలెత్తుకు తిరగను?"

"నీ పరువు పోతే నాలుగు రోజులు నవ్వుకుని మానేస్తారు. నాది పోతే ఇక నేను బోర్డు ముందు కూర్చోలేను. గెలిచినప్పుడల్లా నా ఆట కాదు, నీ కండువా చూస్తారు."

"ఆ మాటేదో నువ్వే చెప్పొచ్చుగా?"

"నేను చెబితే తప్పించుకోడానికి అంటున్నానంటారు. అయినా నేనెందుకు చెప్పాలి? అబద్ధం నాది కాదుగా." గొంతు పెంచలేదు. టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

గురవయ్యకి సిగ్గేసింది. సభల్లో, టీవీల్లో, యార్డులో ఎప్పుడూ వెయ్యని సిగ్గు.

లోపలికి వచ్చి కూర్చోకుండానే అన్నాడు. "నాకు చదరంగం రాదండి. టీవీలో చెప్పింది అబద్ధం. సభలో చెప్పింది ఇంకా పెద్ద అబద్ధం."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?" అన్నాడు మాస్టారు. వీడియో పెట్టిన దగ్గర్నుంచి ఆయన అడిగిన న్యాయమైన ప్రశ్న ఇదొక్కటే.

"మరి నేర్పిందెవరు?" గౌస్ బాషా అడిగాడు.

"మా ఆవిడండి."

గౌస్ బాషా నంబరు తీసుకుని, స్పీకరు పెట్టి తనే ఫోన్ చేశాడు. "రాజేశ్వరిగారాండీ? చీరాల నుంచి, టోర్నమెంటు ఆర్బిటర్ని. ఒక్కమాట అడగాలమ్మా. మీ అమ్మాయికి చెస్ నేర్పిందెవరు?"

"మావారేనండి" అంది రాజేశ్వరి.

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇన్నేళ్ల సాధన మరి. గురవయ్య తన జన్మలో నిజంగా ఎవరికైనా పాఠం నేర్పాడంటే ఇదే, అదీ ఇంత శ్రద్ధగా. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. విలేకర్లు రాసుకుంటున్నారు. అనూష తండ్రి వైపు చూసింది.

గురవయ్య ఫోన్ మీదికి వంగాడు. "రాజీ, నేనే మాట్లాడేది. నిజం చెప్పు."

"ఏ నిజమండీ?"

"ఉన్న నిజం. నా మొహం చూడమాక. పిల్ల పేరు పోయేట్టుంది."

అవతల కుక్కరు కూత వినబడింది. స్టవ్ కట్టేసిన చప్పుడు వినబడింది. "నేనే నేర్పానండి" అంది రాజేశ్వరి.

"ఇదీ అబద్ధం కాదని నమ్మకమేంటి?" అన్నాడు మాస్టారు. గౌస్ బాషా బోర్డు వైపు తిరిగి, ఏనుగుని దాని చోట్లో పెట్టి, ఏ పావు ఏ గడిలో ఉందో ఫోన్లోకి చదివాడు.

"నల్ల రాజు మూలనున్నాడు కదండీ" అంది రాజేశ్వరి. ఆవిడ గొంతు మారిపోయింది. ఇంట్లో గురవయ్య ఎప్పుడూ వినని గొంతు. "తెల్ల మంత్రిని తీసుకెళ్లి ఆ రాజు పక్కన పెట్టేయండి. గుర్రం కాపలా ఉంది, రాజు తీసుకోలేడు. ఏనుగే తీసుకోవాలి. తీసుకుందా, ఇక రాజుకి కదలడానికి చోటుండదు. గుర్రంతో మేట్."

గౌస్ బాషా ఎత్తులన్నీ వేసి చూసుకున్నాడు. గుర్రం ఆఖరి గడిలో దిగింది. నల్ల రాజు చుట్టూ తన వాళ్లే నిలబడి దారి మూసేశారు.

"బాగుందమ్మా" అన్నాడు. అనుభవం కొద్దీ మరో ప్రశ్న అడిగాడు. "ఇంత ఆట తెలిసినవారు. మరి మీరు టోర్నమెంట్ల హాల్లో ఎక్కడ కూర్చుంటారు?"

"నేను రానండి."

"ఈ టోర్నమెంటుకి రాలేదా?"

"ఏ టోర్నమెంటుకీ రాలేదండి. వారు తీసుకెళ్లరు."

గౌస్ బాషా తలెత్తి గురవయ్యని చూశాడు. "ఎందుకండీ?"

ఈసారి గురవయ్య గడ్డం నిమురుకోలేదు. "పక్కనుంటే ఎవరన్నా ఆవిణ్ణి అడుగుతారేమోనని."

అంతే, కేసు తేలిపోయింది. ఆట వచ్చిన మనిషి హాల్లో అడుగుపెట్టలేదు. అడుగుపెట్టిన మనిషికి ఆట రాదు. గురవయ్య ఇన్నేళ్లు పెళ్లానికి చేసిన అన్యాయమే కూతురి తరఫున గట్టి సాక్ష్యమైంది. ఆయన చేసిన ఏ మంచిపనీ ఆ రోజు అక్కరకు రాలేదు.

ఫిర్యాదు కొట్టేస్తున్నట్టు గౌస్ బాషా ప్రకటించాడు. కండువా బయట వదిలినా సరే గురవయ్య మాత్రం ఇక హాల్లోకి రాకూడదన్నాడు. లక్ష్మీనరసింహం మాస్టారు క్షమాపణ చెప్పలేదు గానీ, పాత వీడియో శీర్షిక చివర ఒక ప్రశ్నార్థకం చేర్చి తన నిజాయితీ చాటుకున్నాడు. విలేకర్లు అనూష ఆట గురించి ఒక్క ముక్కా అడక్కుండా, ఏనుగు ఐమూలగా ఎందుకు వెళ్లిందో చెప్పమని గురవయ్య వెంటపడ్డారు.

ఆయన వాళ్లని తప్పించుకుని మండపం మెట్ల మీదికొచ్చి కూర్చున్నాడు. లోపల ఆఖరి రౌండుకి పిలుస్తున్నారు. అద్దం తలుపుల అవతల అనూష తన బల్ల దగ్గరికి నడుస్తోంది. ప్రత్యర్థికి చెయ్యిచ్చి కూర్చుంది. ఇటు చూడలేదు. గేటు దగ్గర తిరిగిచ్చిన ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"రాజీ, తప్పయిపోయింది."

అవతల కుక్కరు మూత తీసిన చప్పుడైంది.

"నిన్ను అంతమందిలో అట్టా అడిగించాల్సి వచ్చింది. పాప చిన్నప్పుడే నిజం చెప్పుంటే పోయేది." మాటలు కూడబలుక్కుంటున్నాడు. కోట్ల సరుకు నోటిమీద తెగ్గొట్టిన మనిషికి ఈ బేరం చేతకావట్లేదు. "ఇప్పుడు బయల్దేరు. రైలు దొరక్కపోతే కారు పంపమంటాను. వచ్చేసరికి ఆట సగంలో ఉంటుంది. ఇకనుంచి ఎక్కడికైనా ఇద్దరం కలిసే పోదాం."

"పాప ఇకనుంచి ఒక్కత్తే వెళ్తానందండీ" అంది రాజేశ్వరి. "పొద్దున మీరు స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ చేసింది. గెలిచినా, ఓడినా సరే, వచ్చేసారి నుంచి తోడెవరూ వద్దంది. నేను సరేనన్నాను."

"నన్నొక్కణ్ణే వద్దందేమో. నువ్వు రావచ్చుగా."

"నన్ను రమ్మని అడగాల్సిన వయసు దానికి దాటిపోయిందండీ."

లోపల గడియారాలు నొక్కిన చప్పుడు వరసగా వినబడింది. గురవయ్య ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. ఇంకాసేపు మాట్లాడితే బాగుండునని ఉంది. కనీసం లోపల ఏం జరుగుతోందో ఆవిడే చెప్పాలి, తనకేమీ అర్థం కాదు.

"పాప ఎట్టా ఆడుతోంది రాజీ?"

"ఫోన్ పెట్టేయండి" అంది రాజేశ్వరి. "నాకున్నది ఈ ఒక్క ఫోనేగా. ఆట చూడాలి."