అక్కను కాదన్న మందు

అక్క పోయినప్పుడు ఇంట్లో అందరూ ఏడ్చారు. చెల్లెలు మాత్రం ఏడవలేదు. ఆ వారంలోనే ల్యాబుకి వెళ్లి, ఇంక్యుబేటర్ తలుపు తీసి, అక్క కడుపులోంచి తీసిన గడ్డ తాలూకు కణాలు ఎలా ఉన్నాయో చూసింది. అవి భేషుగ్గా ఉన్నాయి. వాటిని పెంచే చిన్న డిష్ అడుగున చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి మరీ పెరుగుతున్నాయి.

"మనిషిని మింగేసి మీరు మాత్రం కులాసాగా ఉన్నారన్నమాట," అంది వాటితో.

క్యాన్సర్ ఆసుపత్రి పై అంతస్తులో ఆమె ఉద్యోగం. రోగుల గడ్డల్లోంచి తీసిన కణాలను పెంచి, వాటిమీద కొత్త మందులు వేసి చూడటం పని. ఆపరేషన్‌కి ముందు అక్కే అడిగింది. "నా గడ్డని నీ దగ్గరే ఉంచుకోవే. నన్ను పెట్టిన తిప్పలకి దాని పని పట్టు."

పని పట్టడమే కుదరలేదు. చంపడానికేం, నేల కడిగే బ్లీచింగ్ నీళ్లు పోసినా చస్తాయి. మనిషిని బతకనిచ్చి వాటిని మాత్రమే చంపాలి, అక్కడే వస్తుంది చిక్కంతా. ఏ మందు వేసినా చాలావరకు చచ్చేవి. ఏ మూలో నాలుగు మిగిలేవి. ఆ నాలుగూ మళ్లీ డిష్ నిండా పెరిగేవి, ఈసారి ఆ మందుని లెక్కచేసేవి కావు.

అయితే చెల్లెలి కసి ఆ కణాల మీద ఎంతో, సూటు డాక్టరు మీద అంతకు రెండింతలు. ఎంత ఎండలోనూ సూటు విప్పడు కాబట్టి ఆసుపత్రిలో అందరూ చాటుగా ఆయన్ని అలాగే పిలిచేవారు. కొత్త మందు ఒకటి రోగుల మీద పరీక్షిస్తున్నాడు. పాత మందులన్నీ చేతులెత్తేశాక అక్కాచెల్లెళ్లిద్దరూ ఆయన దగ్గరికే వెళ్లారు.

"ఇప్పటికే మూడు రకాలు వాడేశారు. మనిషి బాగా నీరసించింది. రూల్సు ఒప్పుకోవమ్మా," అన్నాడు.

"ఎలాగూ పోయేదాన్నే కదండీ. నా మీద వేసి చూడండి," అంది అక్క.

ఆయన నవ్వాడు. "అందుకేనమ్మా. మీలాంటివాళ్లని తీసుకుంటే మందుకి చెడ్డపేరు వస్తుంది."

లిఫ్టులో అక్క కూడా నవ్వింది. "పరీక్షకి కూడా పనికిరాకుండా పోయానే నేను," అంది. ఆ నవ్వు చెల్లెలి గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

అక్క పోయిన ఏడాదికి ఆ మందు పేరు మారుమోగిపోయింది. గట్టిగా ఉన్న రోగుల్ని ఏరుకుని వేస్తే ఏ మందుకైనా పేరు రాదా అనుకుంది చెల్లెలు. మొండి కణాల ముందు ఆ మందు ఎందుకూ కొరగాదని అందరి ఎదుటా చూపించి, ఆయన పరువు తీయాలని నిశ్చయించుకుంది. ల్యాబుకి కొంచెం మందు కావాలని అడిగితే, కణాలు ఎవరివని కూడా అడక్కుండా సంతోషంగా పంపించాడు.

అక్క కణాల మీద వేసింది. వారం తిరిగేసరికి అన్నీ చచ్చి తేలాయి.

ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, ఫ్రీజరులో దాచిన అక్క కణాల్లోంచి ఇంకొన్ని తీసి పెంచి మళ్లీ వేసింది. మళ్లీ చచ్చాయి. పక్క డిష్‌లో ఉన్న మామూలు కణాలకి ఏమీ కాలేదు. మిగిలినవేమైనా తలెత్తుతాయేమోనని నెలల తరబడి కనిపెట్టుకుని ఉంది. ఒక్కటీ లేవలేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ వచ్చి, "అదృష్టవంతురాలివి," అంటే ఒళ్లు మండిపోయింది.

ఆ ఆదివారం బావ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"అంటే, బతికేదా?"

"చెప్పలేను బావా. డిష్‌లో చచ్చినవి ఒంట్లో కూడా చావాలని ఏమీ లేదు."

"అయితే ఎవరికీ చెప్పకు. వాడి మెడలో ఇంకో దండ నువ్వెందుకు వెయ్యడం?"

"నేను దాస్తే అక్కలాంటివాళ్లని ఇంకా గుమ్మంలోంచే పంపించేస్తాడు."

"మరి వాణ్ణి ఊరికే వదిలేస్తావా?"

"వదలను," అంది చెల్లెలు.

ఆసుపత్రి మీటింగులో తెర మీద ఫొటోలు చూపించింది. చచ్చిన కణాలు చూసి సూటు డాక్టరు ముందుగా చప్పట్లు కొట్టాడు. రోగుల తరఫున పరీక్షల బాగోగులు చూసే కమిటీ పెద్దావిడ, "ఎవరివమ్మా ఈ కణాలు?" అని అడిగింది.

"మూడు రకాల మందులకి లొంగని మనిషివండీ. మీలాంటివాళ్లని తీసుకుంటే మందుకి చెడ్డపేరు వస్తుందని డాక్టరుగారు వెనక్కి పంపిన మనిషివి. మా అక్కవి."

సూటు డాక్టరు మొహం పాలిపోయింది. "రూల్సు..." అని ఏదో గొణిగాడు.

"ఆ రూలు రాసిందెవరు?" అంది పెద్దావిడ.

"నేనేనండి."

"అయితే మీరే మార్చండి."

రూలు మారింది. అంతవరకు గుమ్మం దాటనివ్వనివాళ్లంతా లోపలికి వచ్చారు. వాళ్లలో కొందరు లేచి తిరిగారు. చాలామందికి మందు పనిచెయ్యలేదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. నూటికి ఇంతమందికి నయమైందని సూటు డాక్టరు గొప్పగా చెప్పుకునే అంకె దిగజారిపోయింది. సన్మానాలు ఆగిపోయాయి. పేపర్లు నిన్న పొగిడిన నోటితోనే దెప్పడం మొదలుపెట్టాయి. చెల్లెలు ఆ వార్తలన్నీ ఒక్కటీ వదలకుండా చదివింది. తప్పని తెలిసి కూడా ఆ వార్తలు చదివిన రోజున ఆమెకు అన్నం రుచించింది.

ఒక మధ్యాహ్నం ఆయనే పై అంతస్తుకి వచ్చాడు.

"నీకు కావలసింది ఇదేగా?"

"ఇదే."

"మీ అక్కలాంటివాళ్లలో చాలామందికి పనిచెయ్యలేదు. ఆవిడకీ పనిచేసేది కాదేమో."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

"కాదేమో," అంది. "ఆ మాట మందు వేసి చూశాక చెప్పాల్సింది."

ఆయన తల దించుకున్నాడు. "కొందరిలో చచ్చి కొందరిలో ఎందుకు చావట్లేదో కనుక్కోవాలి. పోల్చి చూడటానికి నీ దగ్గరున్న కణాలు కావాలి."

"ఎవరివి కావాలో చెప్పి అడగండి."

ఆయన సూటు గుండీ సవరించుకున్నాడు. "మీ అక్కగారివి. ఇప్పించమ్మా."

ఇవ్వకుండా ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆమె తొందరేమీ లేకుండా చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ సరిచేసుకుంటూ గ్లోవ్స్ తొడుక్కుంది. పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన్ని కూర్చోమనలేదు.