చెయ్యి పెట్టి రాసిన మాట

నాన్న సమాధి రాయి మీద ఒక్క ఇంగ్లిష్ మాటకే చోటు మిగిలింది. పైన ‘హెన్రీ’ అని పేరు, కింద తేదీలు, మధ్యలో ‘ఫాదర్’ ముందు ఖాళీ. రేపే ఏడాది ప్రార్థన. కంచరపాలెంలో రాళ్లు చెక్కే సాయిశంకర్ ఉలి పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

“కైండ్ అని ఎట్టేయ్ బాబూ,” అంది అమ్మ.

నేను ఫోన్ తీసి అలాంటి మాటలు వెతికాను. కైండ్, జెంటిల్, టెండర్... పద్నాలుగు మాటలు చూపించింది. యాప్‌లో బటన్ల మీద మాటలు రాయడం నా ఉద్యోగం. నచ్చకపోతే మర్నాడు మార్చేస్తాం. రాయికి ఆ సదుపాయం లేదు.

“అన్నీ ఒకటే కదేటి,” అంది అమ్మ.

“నాన్న వింటే మూడ్రోజులు మాటాడడు.”

“ఉన్నప్పుడు మాత్రం ఏటి మాటాడేడు.”

నాన్న పోర్టులో ట్యాలీ క్లర్కు. ఓడ నుంచి దిగిన బస్తాలు ఎలా ఉన్నాయో పుస్తకంలో ఇంగ్లిష్‌లో రాసేవాడు. ‘వెట్’ అంటే నీళ్లలో నానింది. ‘డ్యాంప్’ అంటే చెమ్మ పట్టింది. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే తప్పు ఎవరో ఒకరి మీద పడుతుంది. వానాకాలం సాయంత్రాలు డాబా మీద తాడుకి ఆరేసిన నా స్కూలు యూనిఫాం చూపించి అడిగేవాడు.

“వెట్టా, డ్యాంపా?”

“వెట్,” అనేదాన్ని మెట్ల మీంచే.

“సెయ్యెట్టి సూసేవేటి? సెయ్యెట్టకుండా మాట రాయకూడదు, ఫ్లోరా.”

వెనక్కి వెళ్లి తాడు మీది గౌను పట్టుకుని చూసేదాన్ని. ఎక్కువసార్లు డ్యాంపే.

“అమ్మా, రేపు నతానియేల్ మావయ్య ఈ రాయి చదువుతాడు,” అన్నాను.

అమ్మ పమిట సర్దుకుంది. మావయ్యదీ పోర్టే. ఒకసారి వానలో బస్తాల మీద టార్పాలిన్ కప్పించడం మరిచిపోయాడు. డ్యాంప్ అని రాస్తే ఓడలోనే పట్టిన చెమ్మ అనుకుంటారని, అలా రాయమని బతిమాలాడు. నాన్న వెట్ అనే రాశాడు. మావయ్యని ఆర్నెల్లు సస్పెండ్ చేశారు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఆయన ముందు కైండ్ నిలబడదు.

“మరేటి రాత్తావ్?”

“నాకు జడ ఎవరేసేవారు?”

“ఆయనే. నాను దువ్వితే ఏడిసేదానివి. ఆయన దువ్వితే కునుకు తీసేదానివి. మీ మావయ్య సెయ్యి ఇరిగినప్పుడు కూడా ఈయనే ఎల్లి గెడ్డం గీసేడు. నెల్లాళ్లు. ఒకళ్లతో ఒకళ్లు మాటాడుకోకుండానే.”

“జెంటిల్,” అన్నాను.

అమ్మ మావయ్యకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. మాట చెప్పింది. అటువైపు నుంచి రైలు కూత వినిపించింది.

“గెడ్డం మీద ఒక్క గాటు కూడా పడనేదక్కా,” అన్నాడు మావయ్య. “రాయించీ.”

సాయిశంకర్ చెక్కడం పూర్తిచేసి, నీళ్లు పోసి దుమ్ము కడిగాడు. గుడ్డతో తుడిచాడు. అమ్మ అక్షరాల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

“డ్యాంప్,” అంది.