వెచ్చని పేపరు

సాల్వేరా కనుమ మీదున్న హోటలు వంటింట్లో జెల్మీనా పొద్దున్నే రాగి గుండిగలోకి నడుం దాకా దూరి, అడుగంటిన మొక్కజొన్న సంకటిని గరిటెతో గీకుతోంది. ఆ గుండిగ ఎంత పెద్దదంటే, ఒక చలికాలం దారి తప్పిన ఆవు అందులో పడుకుని తెల్లారి లేచి వెళ్లిపోయిందని కింద ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవు సంగతి ఎలా ఉన్నా, దాన్ని గీకాలంటే మనిషి లోపలికి దూరక తప్పదు. బయటికి ఆమె చెక్క చెప్పులు, ముతక మేజోళ్లు, వాటి మీద బస్తాలాంటి వెనకభాగం మాత్రమే కనిపిస్తాయి. లోపల్నించి పాట గంట కొట్టినట్టు ఖంగుమంటూ వస్తుంది.

పిండి డబ్బాల మీద రేడియో గొణుగుతోంది. ఇటలీ అంతా మూడు వారాలపాటు చుట్టే సైకిల్ పందెం ఇవాళ ఈ కనుమ ఎక్కి అవతలికి దిగుతుంది. పొయ్యి పక్కన, వెచ్చగా ఉండే ఇనప పలక మీద, పాత పేపర్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ నాలుగు మడతలు. జెల్మీనా మధ్యమధ్య గుండిగలోంచి తల తీసి, రొట్టెలు తిరగేసినట్టు వాటిని తిరగేస్తోంది.

హోటలు యజమాని తుల్లియో టై సర్దుకుంటూ వచ్చాడు. ముప్పై దాటిన వాడు, నూనె పెట్టి దువ్విన తల.

"అత్తా, ఇవాళ బయటికి పోవడం గీవడం ఏమీ లేదు."

"ఎవరదీ?" అంది గుండిగ.

"నేనే, తుల్లియోని."

"తల తియ్యాలంటే నడుం పట్టేసింది. అక్కణ్ణించే చెప్పు."

"పందేనికి డబ్బు పెట్టే కంపెనీ పెద్దలు మన దగ్గర భోంచేస్తున్నారు. సూపు, మాంసం, తీపి, ఒకదాని వెనక ఒకటి. ప్లేట్లు కడిగే మనిషి లేకపోతే నా పరువు పోతుంది."

"మీ నాన్న ఉన్నన్నాళ్లూ పందెం వచ్చిన పూట నాకు సెలవేరా. నువ్వు పుట్టిన పూట కూడా నేను రోడ్డు మీదే ఉన్నా. మీ అమ్మ నన్ను తిట్టిన తిట్లకి నువ్వు భయపడి బయటికొచ్చావ్."

"నాన్న పోయాడు. ఇప్పుడు నేను చెప్తున్నా. భోజనాలు అవ్వకుండా ఆ గడప దాటావో, మళ్లీ లోపలికి రానవసరం లేదు. పైన గది కూడా ఖాళీ చేసెయ్."

గుండిగలోంచి జెల్మీనా మెల్లగా బయటికొచ్చింది. పొట్టి మనిషి. భుజాలు మాత్రం తలుపంత. మోచేతుల దాకా చేతులు బీట్‌రూట్ రంగు. ఒక కనుబొమ మీద సంకటి ముద్ద అంటుకుని ఉంది.

"గదిలో ఏముందిరా ఖాళీ చెయ్యడానికి. ఒక మంచం, ఒక దుప్పటి, నీ ఉచ్చగుడ్డలు ఆరేసిన తాడు."

"తమాషాకి అనట్లేదు అత్తా."

"నేను మాత్రం తమాషాకి ఉతికానా?"

తుల్లియో పేపర్ల వైపు చూశాడు. "అయినా అవి ఎవడు తీసుకుంటున్నాడు? పోయినసారి ఒక్కడు తీసుకున్నాడా? అంతకు ముందుసారి?"

ఆమె గరిటె కడగడం మొదలుపెట్టింది.

అతనన్నది నిజమే. జెల్మీనా ఈ కనుమకి పద్దెనిమిదేళ్ల పిల్లగా గిన్నెలు తోమడానికి వచ్చింది. కింద ఎక్కడో పెళ్లి మాటలు నడిచాయిగానీ, మంచు కరిగి దారి తెరిచేలోపు పెళ్లికొడుకు ఇంకొకర్ని చేసుకున్నాడు. ఆమె దానికి ఏడ్చిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ వారం మాత్రం హోటల్లో ప్లేట్లు అద్దాల్లా మెరిశాయని అనుకున్నారు. ఆ వేసవి మొదట్లోనే ఆమె తొలిసారి పందెం చూసింది. పైకి ఎక్కేటప్పుడు కుర్రాళ్లు చెమటలో మునిగి వస్తారు. ఆ తడి ఒంటితో అవతలికి దిగితే మంచుగాలికి ఛాతీ రాయిలా బిగుసుకుపోతుంది. అందుకని శిఖరం మీద జనం పేపర్లు చాచి నిలబడేవాళ్లు. కుర్రాళ్లు సైకిల్ ఆపకుండానే లాక్కుని చొక్కా లోపలికి దోపుకునేవాళ్లు. అందరూ మామూలు పేపర్లు ఇస్తే, జెల్మీనా పొయ్యి మీద కాచిన పేపరు ఇచ్చింది. తీసుకున్నవాడు గుండెకి హత్తుకుని, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అన్నాడు. ఈ కొండ మీద ఇంకా చల్లగా ఎందుకయ్యా అని ఆమె అరిచేలోపు మలుపు తిరిగిపోయాడు.

ఆమె వెచ్చబెట్టిన పేపరు దోపుకున్న ఒకడికి వార్తలన్నీ ఛాతీ మీద అచ్చుపడిపోయాయనీ, వాళ్లావిడ వారం రోజులు మొగుడి మీదే పేపరు చదువుకుందనీ ఒక కథ ఉంది. అది చెప్పేది జెల్మీనాయే కాబట్టి ఎంత నమ్మాలో వినేవాళ్ల ఇష్టం.

ఇప్పుడు కుర్రాళ్లకి ఉల్లిపొరలాంటి కోట్లు వచ్చాయి. వెనక వచ్చే కార్లలోంచి అందిస్తారు. పేపరు చాచిన చెయ్యి చాచినట్టే ఉంటుంది. అయినా పందెం ఈ దారిన వచ్చిన ప్రతిసారీ ఆమె పేపర్లు కాస్తూనే ఉంది.

కిటికీలోంచి బోర్తొలో తల దూర్చాడు. రోడ్డు గుంతలు పూడ్చే పనిచేసి మానేసిన ముసలాడు. చేతిలో, పందెం కుర్రాళ్ల పేర్లు రోడ్డు మీద రాసే సున్నం బకెట్టు.

"కాఫీ ఉందటే?"

"ఏం రాశావు రోడ్డు మీద?"

"మన రెమో పేరు. అక్షరానికో ఆవు పడుకోవచ్చు, అంత పెద్దగా."

"ఎటు తిరిగి రాశావ్?"

బోర్తొలో మొహం మాడింది. పోయినసారి అతను ఇంకొకడి పేరంతా పల్లం వైపు తిరిగి రాశాడు. ఎక్కివచ్చే వాళ్లకి తలకిందులుగా కనిపించింది. చక్కగా చదువుకున్నది ఆకాశంలో హెలికాప్టర్ వాడొక్కడే.

"ఈసారి సరిగ్గానే రాశాన్లే. చదువుకునేందుకు వాడు రావాలి కదా. అందరికన్నా వెనక ఉన్నాడట. ఇవాళ చీపురు బండి ఎక్కేస్తాడు చూడు."

చీపురు బండి అంటే పందెం చిట్టచివర వచ్చే వ్యాను. వెనక చీపుర్లు కట్టి ఉంటాయి. ఇక తొక్కలేమన్నవాళ్లని ఊడ్చుకుని ఎక్కించుకుపోతుంది. రెమో కొండ కింద కోతమిల్లు వాళ్ల కుర్రాడు. ఈ పందెంలోకి రావడం ఇదే మొదలు.

"బండి ఎక్కడు," అంది జెల్మీనా, కాఫీ కప్పు కిటికీలో ఠపీమని పెడుతూ.

మధ్యాహ్నానికి మబ్బు కొండ మీద కూర్చుంది. హాలు నిండా కోట్లు, నవ్వులు, గ్లాసుల చప్పుడు. సూపు ప్లేట్లు వచ్చాయి, కడిగింది. మాంసం ప్లేట్లు రావడం మొదలయ్యాయి. రేడియో వాడి గొంతు పెరిగింది: ముందువాళ్లు కోతమిల్లు మలుపులు దాటారు, పైన వాన, వానలో మంచు. హెలికాప్టర్ మోతకి అల్మారాలో కప్పులు పళ్లు కొరికాయి.

జెల్మీనా కుళాయి కట్టేసి, రబ్బరు తొడుగులు లాగి స్వెట్టరు జేబులో కుక్కుకుంది. పేపర్ల దొంతర ఎత్తి చంకలో పెట్టుకుంది. ఒక్క పేపరు మాత్రం విడిగా తీసి, స్వెట్టరు ఎత్తి లోపల తన ఒంటికి ఆనించి పెట్టుకుంది.

తుల్లియో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అత్తా, నేనన్నది గుర్తుందా?"

"ఉంది."

"ఉండి కూడానా?"

"నువ్వన్నది నాకు వినిపించింది. హెలికాప్టరూ వినిపిస్తోంది. పక్కకి జరుగు."

అతను జరగలేదు. జరగవలసిన పని లేదు. ఆ భుజాల ముందు తలుపులే జరిగేవి. ఆమె గడప దాటింది.

రోడ్డుకి రెండు పక్కలా చలికాలం మిగిల్చిన మంచు గోడలు. జనం ఇనప కంచె వెనక గొడుగుల కింద నక్కి ఉన్నారు. ముందువాళ్లు ముగ్గురు మబ్బులోంచి ఊడిపడ్డట్టు వచ్చారు. జెల్మీనా పేపరు చాచింది, వాళ్లు చూడలేదు. తర్వాత గుంపు వచ్చింది, రంగులు, ఆవిర్లు, గొలుసుల కిచకిచ. "వెచ్చటి పేపరు, వెచ్చటి పేపరు" అని అరిచింది. ఒకడు నవ్వాడు. ఎవరూ తీసుకోలేదు. కార్లు వెళ్లాయి. మంచు అడ్డంగా కొట్టడం మొదలయ్యేసరికి జనం గొడుగులు ముడిచి వెళ్లిపోయారు. చేతిలో పేపర్లు తడిసి ముద్దయ్యాయి.

మెరిసే పట్టీల చొక్కా వేసుకున్న కాపలావాడు వచ్చాడు. "అమ్మా, అయిపోయింది. లోపలికి పద."

"ఒకడు రావాలి."

"ఉంటే బండిలో ఉంటాడు."

"అయితే బండి రానీ, చూసి పోతా."

కంచె దగ్గరే మిగిలిన బోర్తొలో చెవికి ఆనించిన చిన్న రేడియో తీశాడు. "ఉన్నాడే వెనక. ఒక్కడే. వాళ్ల జట్టు కార్లు రెండూ ముందువాడితో దిగిపోయాయట. కోటు ఇచ్చే దిక్కు లేదు."

చాలాసేపటికి మబ్బులోంచి ముందు రెండు దీపాలు కనిపించాయి. చీపురు బండి. దాని ముందు, దాని వెలుగులో, ఒక సైకిల్ పాకుతోంది. రెమో పెదాలు నేరేడుపండు రంగు. సున్నపు అక్షరాలు మంచు కింద మాసిపోయాయి. తన పేరు మీదుగానే అతను చూడకుండా వచ్చాడు. శిఖరం గీత దాటి, ఒక కాలు కింద పెట్టి ఆగిపోయాడు.

"వేళ్లు లేవు," అన్నాడు ఎవరితోనో.

"ఉన్నాయి, నాకు కనిపిస్తున్నాయి," అంది జెల్మీనా.

"బ్రేకు పట్టుకోలేను. దిగితే లోయలోకే."

బండి డ్రైవరు అద్దం దించాడు. తెల్లమీసాల మనిషి. "ఎక్కవయ్యా. లోపల హీటరుంది. ఎవరూ ఏమీ అనుకోరు."

రెమో బండి వైపు చూశాడు. ఆ చూపు జెల్మీనాకి తెలుసు. తెల్లారి నీళ్లు గడ్డకట్టిన కుళాయి ముందు ఎన్నోసార్లు ఆమే అలా మంచం వైపు చూసింది.

"ఎక్కుతావా?" అంది.

"కింద మిల్లు దగ్గర అమ్మ చూసింది. అవతల నాన్న నిలబడి ఉంటాడు."

"మీ అమ్మనీ నాన్ననీ నేనడిగానా? నువ్వు ఎక్కుతావా?"

పళ్లు టకటకలాడాయి. "ఎక్కను."

"అయితే చొక్కా ఎత్తు."

స్వెట్టరు కింద నుంచి పేపరు తీసింది. ఇంకా వెచ్చగా, ఆమె ఒంటి వేడితో ఉంది. అతని ఛాతీ మీద పరిచి, చొక్కా లాగి, బిడ్డని పొత్తిళ్లలో చుట్టినట్టు బిగించింది. కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆటగాణ్ణి ముట్టుకోకూడదు. రూలు."

"కళ్లు మూసుకో నాయనా. మంచు పడుతుంది కళ్లలో."

వాడు నిజంగానే మూసుకున్నాడని బోర్తొలో ఒట్టేసి చెబుతాడు.

రెమో నల్లటి చేతి తొడుగులు నీళ్లోడుతున్నాయి. వాటిని ఒక్కొక్క వేలే లాగి కంచె మీదికి విసిరేసింది. వేళ్లని తన నోటి ముందు పెట్టుకుని ఊదింది, రుద్దింది, చరిచింది. అప్పుడు చూసుకుంది: వంటింట్లో వేసుకున్న పసుపుపచ్చ రబ్బరు తొడుగులు తన స్వెట్టరు జేబులో ఉన్నాయి. లోపలి గుడ్డ పొడిగా ఉంది. అతనికి తొడిగింది. అంట్ల సబ్బు వాసన గుప్పుమంది.

"పట్టు."

పట్టాడు. బ్రేకు కీచుమంది.

"ఇంకా గట్టిగా. నేను వీటితో గుండిగలు ఎత్తుతా."

అతను నవ్వబోయాడు, మూతి తిరగలేదు. ఆమె అతని వీపు మీద అరచెయ్యి పెట్టి ఒక్క తోపు తోసింది. మబ్బులో పసుపు చేతులు రెండూ మలుపు దాకా కనిపించి, ఆరిపోయాయి.

తుల్లియో గొడుగేసుకుని రోడ్డు దాకా వచ్చాడు. "అత్తా, లోపల ప్లేట్లు మెడ దాకా ఉన్నాయి. ఏదో కోపంలో అన్నా. రా."

"గడప దాటితే రావద్దన్నావు కదరా. మాట మీద ఉండు. నేనున్నట్టు."

"ఎక్కడికి పోతావ్ ఈ వానలో?"

ఆమె చీపురు బండి తలుపు లాగింది. తెల్లమీసాల డ్రైవరు నవ్వాడు. "ఏమ్మా, నువ్వూ పందెంలోంచి తప్పుకుంటున్నావా?"

"తప్పుకోవడమేంటి. దిగుతున్నా."

"ఒసేయ్," అన్నాడు బోర్తొలో, "కనీసం కోటన్నా తెచ్చుకో."

"ఇన్నేళ్లూ వీళ్లందర్నీ ఆ మలుపు దాకే చూశా. అవతల ఏమవుతారో చూడొద్దూ. కింద మా చెల్లెలింట్లో కోట్లు ఉన్నాయి, దాని నోరూ ఉంది. చలెయ్యదు."

లోపల దుప్పటి కప్పుకున్న ఇద్దరు కుర్రాళ్లు జరిగి చోటిచ్చారు. తలుపు పడింది. బండి చీపుర్లు ఊపుకుంటూ మలుపు తిరిగింది. బోర్తొలో సున్నం చెయ్యి ఎత్తాడుగానీ, ఆమె వెనక్కి చూడలేదు.

సాయంత్రం కాకముందే కంచెలు తీసేశారు. వంటింట్లో తుల్లియో టై భుజం మీదికి వేసుకుని, వట్టి చేతులతో, సలసలలాడే నీళ్లలో ప్లేట్లు తోముతున్నాడు. మోచేతుల దాకా ఎర్రబడ్డాడు. రేడియో వాడు చివరివాడి పేరు చదువుతూ, దాటితే పందెంలోంచి తీసేసే గడువు ఇంకా కాస్త ఉందనగా చేరాడనీ, ఆ పసుపు చేతులేమిటో తనకి అర్థం కాలేదనీ నవ్వాడు. తుల్లియో నవ్వలేదు. కంచె మీంచి తెచ్చి పొయ్యి పలక మీద తనే ఆరేసిన నల్ల తొడుగుల వైపు చూశాడు. అవి చుక్క చుక్కగా నీళ్లు కారుస్తున్నాయి. లోపల చేతులు లేకపోయినా వాటి వేళ్లు ఇంకా హ్యాండిల్ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.