మూడు గాట్ల సీసా

అట్టముక్క అంచున కత్తెర మొనతో ఒక గాటు పెట్టాడు కాంపౌండరు. రెండో ముక్కకి రెండు, మూడోదానికి మూడు. మైదా జిగురు వేలితో దట్టంగా రాసి, భార్య మందు సీసాలకి ఒక్కొక్కటే అంటించాడు. పొద్దుటి మందుకి ఒక గాటు, మధ్యాహ్నానిదానికి రెండు, సాయంత్రానిదానికి మూడు. ఆమెకి చూపు ఆనడం మానేసి చాలాకాలమైంది. ఇన్నాళ్లూ వేళకి గ్లాసులో పోసి చేతికందించింది అతనే.

"తడిమి చూడు," అన్నాడు.

ఆమె సీసాని పక్కకి తోసేసింది. "నాకు తడుముకునే ఖర్మేమిటి? మీరెక్కడికి పోతారని?"

"ఒకవేళ తీసుకెళితేనో..."

"నేనూ వస్తాను. మందు అక్కడే పోద్దురుగాని."

నవ్వొచ్చింది గాని నవ్వలేకపోయాడు. ముందస్తు బెయిలు సంగతి కోర్టు ఆరోజే తేల్చేస్తుందన్నాడు లాయరు. రాకపోతే పోలీసులు ఎప్పుడైనా వచ్చి తలుపు తట్టొచ్చు.

ఈ తంటా అంతా కోరి తెచ్చుకున్నదే. డాక్టరు పోయి ఆసుపత్రి మూసేసినప్పుడు, మిగిలిన మందులు పారెయ్యమంటే కాంపౌండరుకి చేతులు రాలేదు. పెట్టెలకెత్తి ఇంటికి మోసుకొచ్చాడు. నిద్రమాత్రలు, నొప్పి సూదిమందులు, అన్నీ డాక్టరు చీటీ లేనిదే ముట్టుకోకూడనివి. ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. తీరికున్నప్పుడల్లా మూత తీసి, తుడిచి, మళ్లీ సర్దుకునేవాడు. ఆసుపత్రి పాత లైసెన్సు గురించి కనుక్కోడానికొచ్చిన మందుల శాఖ ఇన్‌స్పెక్టరు మంచినీళ్లు తాగి లేవబోతుంటే, కూర్చోబెట్టి మరీ పెట్టెలు తెరిచి చూపించింది కూడా ఈ మహానుభావుడే.

"ఆయన అడగనేలేదు కదండీ, ఎందుకు తెరిచారు?" అని తల పట్టుకున్నాడు లాయరు.

"అంత శుభ్రంగా ఉంచాను కదా, చూసి మెచ్చుకుంటారని..."

"కోర్టులో మాత్రం నోరు తెరవకండి. మీకు దణ్ణం పెడతాను."

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుంటే ఆసుపత్రి వరండాయే కళ్లముందు మెదిలింది. అప్పట్లో మందంటే ఎర్రగా, ఘాటుగా ఉండే మిక్చరు. సీసా పక్కన అంటించిన గాట్ల కాగితం, గాటుకో మోతాదు. "ఏమయ్యా, కలిపావా?" అని లోపల్నించి డాక్టరు కేకేసేవాడు. ఓసారి దగ్గుతో వచ్చి బల్ల చివర కూర్చున్న పిల్లకి తీపి పాకం ఓ చెంచా ఎక్కువే పోశాడు. దగ్గు తగ్గాక కూడా ఆ పిల్ల సీసా పట్టుకుని వస్తూనే ఉంది. "ఇంత మొండి దగ్గు నా సర్వీసులో చూళ్లేదు," అంటూ డాక్టరే పెళ్లిమాట కదిపాడు. ఎంత మంచి రోజులవి! ఇంట్లో పెట్టె మూత తీస్తే ఆ ఆసుపత్రి వాసనే గుప్పుమనేది. దానికోసమే దాచుకున్నాడు. ఈ మాట ఏ జడ్జికని చెప్పగలడు?

అమ్మిన దాఖలా లేదని, పారిపోయే మనిషి కాడని, ఇంట్లో చూపులేని భార్య ఉందని లాయరు వాదించాడు. పిలిచినప్పుడల్లా విచారణకి రావాలన్న షరతు మీద బెయిలిచ్చారు. కాంపౌండరు నోరు తెరవలేదు. తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది.

"వచ్చిందే!" అన్నాడు గుమ్మంలోంచే. "ఇంక నేనెక్కడికీ వెళ్లక్కర్లేదు. ఆ అట్టముక్కలు పీకేస్తానుండు."

"పొద్దున అంటించి ఇప్పుడే పీకడమేమిటి? రేపు చూద్దురుగాని. కాస్త నడుం వాల్చండి."

పడక్కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నాడు. ఒళ్లంతా తేలికైపోయింది. ఎవరో లోపల్నించి కేకేసినట్టయింది.

"కలిపానండీ," అన్నాడు మెల్లగా.

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అంది ఆమె. జవాబు రాలేదు. అలిసిపోయి నిద్రపోయాడనుకుంది.

సాయంత్రం మందు వేళ దాటిపోయింది. చూపు పోయిన దగ్గర్నుంచీ ఆ వేళకి అతని పిలుపు ఏనాడూ తప్పలేదు. గోడ పట్టుకుని కుర్చీ దాకా వచ్చి, అతని చెయ్యి అందుకుంది. చల్లగా ఉంది.

ఇరుగుపొరుగు వచ్చారు. ఏడుపులు కాస్త సద్దుమణిగాక పక్కింటావిడ మందు పోసిస్తానంటే ఆమె వద్దంది. తనే తడుముకుంటూ బల్ల దగ్గరికి వెళ్లింది. మొదటి సీసా కాదు. రెండోదీ కాదు. మూడో సీసా అందుకుని, గ్లాసు అంచున వేలు ఆన్చి, ఒక్క చుక్క ఒలక్కుండా పోసుకుని తాగింది.

తాగాక కూడా సీసా వదల్లేదు. మూడు గాట్ల అట్టముక్క కింద, ఓ మూల జిగురు ఇంకా ఆరలేదు.